పెరటి సరిహద్దు నుంచి

తడిబట్టలు దులిపి తీగ మీద ఆరేస్తూ ఆమె అడుగులు లెక్కపెట్టుకుంది. ఇంటి గోడ నుంచి పెరటి గోడ దాకా ఇరవై ఆరు. పెళ్లయిన ఈ పన్నెండేళ్లలో సగం బతుకు ఇక్కడే గడిచింది, ఎవరి లెక్కలోకీ రాకుండా.

గాలిమరలకు అనుమతులిచ్చే ప్రభుత్వ శాఖలో ఆమె ఉద్యోగం. గాలిమరకీ ఇంటికీ మధ్య దూరాన్ని వీధి గుమ్మం నుంచి కొలవాలని కొత్త నిబంధనల ముసాయిదాలో ఉంది. ఉండదూ మరి! టేపు పట్టుకెళ్లిన మగవాళ్లంతా గుమ్మంలో కుర్చీ వేయించుకుని, మంచినీళ్లు తాగి, అక్కడి నుంచే కొలిచి వచ్చారు. ఇంటి వెనక ఒక లోకం ఉందనీ, తిరిగే రెక్కల నీడ అక్కడ అంట్లు తోముకునే మనిషి మీద పడుతుందనీ ఒక్కరికీ తట్టలేదు. ఆమె 'వీధి గుమ్మం నుంచి' అన్న మాట కొట్టేసి 'పెరటి సరిహద్దు నుంచి' అని రాసింది. దాన్ని నిలబెట్టడానికి మూడు నెలలు పోరాడింది. "పెరడు కూడా ఇల్లేనామ్మా?" అని నవ్విన పై అధికారే, మంత్రిగారు మెచ్చుకున్నాక "నా ఆలోచనే" అన్నాడు. ఇక ఇంట్లో భర్త మాట ఎప్పుడూ ఒకటే. "నువ్వు చేసేదేముంది, కామాలు దిద్దడమేగా? నా చొక్కా ఇస్త్రీ అయిందా?"

బట్టలారేసి వచ్చిన ఆ రోజే ముసాయిదా మీద ప్రజాభిప్రాయ సేకరణ. "మీరు వెనక టీల సంగతి చూడండి" అన్నాడు అధికారి. ఆమె ట్రే పట్టుకుంది.

గాలిమరల కంపెనీ ఇంజనీరు లేచాడు. "పెరటి నుంచి కొలిస్తే మాకు రెండు మరలు పోతాయి. అసలిలా ఎందుకు పెట్టారు?"

అధికారి కాగితాలు తిరగేశాడు. "అదీ... పరిశీలించి మార్చేద్దాం."

మూడు నెలల కష్టం ఒక్క మాటతో గంగలో కలిసిపోతోంది. ఆమెకు ఒళ్లు మండింది. ట్రే బల్ల మీద పెట్టి నేరుగా మైకు దగ్గరికి నడిచింది.

"ఆ వాక్యం రాసింది నేను. మీ ఇంట్లో బట్టలు ఎక్కడ ఆరేస్తారండీ?"

ఇంజనీరు తడబడ్డాడు. "తెలీదండీ. మా ఆవిడ చూసుకుంటుంది."

హాల్లో ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

"అందుకేనండీ, ఇది నేను రాయాల్సొచ్చింది."

సభాధ్యక్షుడు కూడా నవ్వు ఆపుకోలేక, ఆ వాక్యం అలాగే ఉంటుందని ప్రకటించాడు. మినిట్స్ రాసే గుమాస్తా తలెత్తి పేరు అడిగాడు. పక్కన అధికారి చూస్తుండగానే ఆమె తన పేరు ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పి రాయించింది. గర్వంగా అనిపించింది, ఎందుకనిపించకూడదు?

బయటికి రాగానే భర్త ఫోను. "వానొచ్చేలా ఉంది. బట్టలు తడిసిపోతాయి, ఎక్కడున్నావ్?"

"పనిలో ఉన్నాను" అంది. "ఇంటి వెనక గోడ నుంచి ఇరవై ఆరడుగులే. వెళ్లి మీరే తీయండి."