మూడు చుక్కల బ్రేకు పెడల్

భారతదేశపు మోటారు పందేల చరిత్ర మెట్టుగూడలోని తన రెండు గదుల వాటాలో, బట్టలు ఆరేసిన తీగ కింద మలుపు తిరగబోతోందని యుగంధర్ నమ్మకం. ఆ మలుపు పేరు బ్రేకు పెడల్. ఇంజనీరింగ్ పూర్తయ్యాక రెండేళ్లు అర్జీలకే సమర్పించి, చివరికి రేసు కారుకు ఒక పెడల్‌ను తానే రూపొందించి చెన్నైలోని ఒక రేసింగ్ సంస్థకు చూపాలని సంకల్పించాడు. కంప్యూటరు తెరమీద అది శివధనుస్సులా వెలిగింది. ఆ ధనుస్సు విరిగినందుకే ప్రసిద్ధి అన్న సంగతి అప్పటికి తోచలేదు.

దాన్ని లోహంలో చెక్కిపెట్టినవాడి పేరు బ్రహ్మచారి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరై, వీధి చివర రేకుల షెడ్డులో ఆకురాయితో కాలక్షేపం చేస్తున్న పెద్దమనిషి.

“ఏందిరా, గీ మూల గింత పదునుగ గీసినవ్? కాలు గట్టిగ పడితె ఈడ్నే పగుల్తది.”

“కంప్యూటర్ ఓకే అన్నది తాతా.”

“బ్రేకు కంప్యూటర్ తొక్కుతదా? జెర గుండ్రం చేస్తా, ఊకో.”

చేశాడు. చివరికి అడుగువైపు మొనదేలిన పంచ్ ఆనించి సుత్తితో మూడు చుక్కలు కొట్టాడు. ముక్క మీద చేసినవాడి గుర్తు ఉండాలన్నది ఆయన ధర్మశాస్త్రం. రేపు విరిగితే జవాబు చెప్పవలసిన మనిషి ఎవరో తెలియాలి కదా!

ఫోటోలు తీసేముందు యుగంధర్ ఆ చుక్కల్ని గరుకైన ఎమరీ కాగితంతో అరగదీశాడు. ఫోటోల కింద “ఆలోచన, నిర్మాణం: యుగంధర్” అని శాసనం వేయించాడు.

వీడియో ఇంటర్వ్యూలో ఆ చెన్నై సంస్థ చీఫ్ ఇంజనీరు రామభద్రరావు లెక్కలన్నిటినీ ఆవులింతతో దాటించి, ఆ మూల దగ్గర ఆగారు.

“ఈ లెక్కలు అందరూ చేస్తారయ్యా. ఇక్కడ గుండ్రం చేయాలని ఎవరికి తట్టింది?”

“నాకే సార్.”

‘నాకే’ అన్న రెండక్షరాలకు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరమన్నారు, పెడల్ వెంట తెమ్మన్నారు.

మిఠాయి పొట్లంతో షెడ్డుకు వెళ్లిన యుగంధర్‌కు ఆ గుమ్మం అంత ఎత్తని ఎన్నడూ తెలియదు. బ్రహ్మచారి కళ్లజోడు నుదుటి మీదే ఉంచి పెడల్ అందుకున్నాడు. బొటనవేలు దానంతటదే అడుగువైపు పోయి, ఆగింది.

“అరె, గుర్తు పోయిందేందిరా?”

దారిపొడుగునా కూర్చుకున్న అరడజను సాకుల్ని వదిలేసి యుగంధర్ మిఠాయి పొట్లం ముడి విప్పసాగాడు.

“దెబ్బ పైపైన కొట్టినట్టున్న. వయసైపోయింది. తప్పు నాదే బిడ్డా, ఏమనుకోకు.”

దొంగను సొమ్ముగలవాడు క్షమాపణ అడిగాడు. అడిగి, పంచ్ తీసి, ఈసారి లోతుగా మూడు దెబ్బలు వేశాడు.

“తాతా, అదీ...”

“ఏంది?”

“ఏం లేదు. మిఠాయి తిను.”

ఆదివారం చెన్నై రైలులో ఎమరీ కాగితం రెండుసార్లు సంచిలోంచి బయటికొచ్చింది, రెండుసార్లు లోపలికి పోయింది.

సోమవారం రామభద్రరావు పెడల్‌ను తిరగేశారు. “ఈ చుక్కలేమిటి? ఫోటోలో లేవే?”

“చేసినాయన గుర్తు సార్. లాలాగూడ ఫిట్టరు బ్రహ్మచారి గారు. ఆ మూల గుండ్రం చేసింది సుత ఆయనే. మీకు అబద్ధం చెప్పిన. ఫోటో కోసం నేనే అరగదీసిన.”

రామభద్రరావు పెడల్‌ను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పారు.

“మరి నీ గుర్తేదయ్యా?”

యుగంధర్ కూడా వంగి చూశాడు. ఆ మూడు చుక్కల చుట్టూ ఎమరీ కాగితపు గీతలు సన్నగా మెరుస్తున్నాయి.