చెకింగుకు వచ్చిన చిట్టమూరు మడి

ఫైళ్లు చూసేది రోజారమణి, ఆఫీసుకు ఎవరొచ్చినా టీలు చెప్పేదీ రోజారమణే. చిల్లకూరు దగ్గర హైవే పక్కనున్న ఆ రొయ్యల కంపెనీలో ఇప్పుడు కాగితం ముక్క కనబడదు. రొయ్యల గుంటలకోసం రైతుల దగ్గర తీసుకునే కౌలు ఒప్పందాలన్నీ కంప్యూటర్లోనే నడుస్తాయి. ఫోనుకు లింకు వెళ్తుంది, ఆధార్‌కు వచ్చిన ఓటీపీ కొడితే సంతకం అయిపోయినట్టే. పేరు, సర్వే నంబరు, సంతకం పడిన టైము సరిచూసి రోజారమణి పంపితేనే ఒప్పందం మేనేజరు పద్మనాభయ్య దాకా పోతుంది. ఆరేళ్లలో ఒక్క ఫైలు తప్పిపోలేదు. అయినా మీటింగుల్లో ఆయన "మన సిస్టం బాగా పనిచేస్తా ఉండాది" అంటాడు. సిస్టం టీ తెచ్చిపెట్టదు కాబట్టి అప్పుడు మాత్రం ఈమె గుర్తొస్తుంది.

ఆ బుధవారం వచ్చినవాళ్లకు టీలు పంపి కూర్చుని, వరసలో నాలుగో ఒప్పందం తెరిచింది. చిట్టమూరు మండలం, రెండెకరాలు, పదేళ్ల కౌలు. యజమాని పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. అది తన పేరే. కింద తను సంతకం పెట్టినట్టు పచ్చటి టిక్కు.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. అది అమ్మ పోయేముందు తన పేరున రాయించిన మడి, మొలగొలుకుల వడ్లు పండే మడి. ఒకసారి రొయ్యలకని ఉప్పునీళ్లు నిలబెడితే ఆ నేల ఇక వరికి పనికిరాదు. పోయిన నెల భర్త మధుబాబు గుంటకిచ్చేద్దామంటే కుదరదని చెప్పేసింది. "సరేలే, నీ ఇష్టం" అన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నందుకు పొంగిపోయి ఆ పూట చేపల పులుసులో రెండు ముక్కలు ఎక్కువే వేసింది కూడా.

ఫైలు చరిత్ర తెరిచింది. లింకు వెళ్లింది మధుబాబు నంబరుకు. సంతకం పడింది నిన్న పొద్దున ఏడూ నలభై రెండుకి. ఏడూ నలభై రెండుకి తనెక్కడుంది? పొయ్యి దగ్గరుంది. ఒక చేత్తో దోసె తిప్పుతూ, పాపకు డబ్బా కడుతూ, అత్త కామమ్మకు వేణ్ణీళ్లు పెడుతూ ఉంది. హాల్లోంచి ఆయన "రమణీ, నీ ఫోనుకు ఓటీపీ వచ్చింటాది, చెప్పు. గ్యాసు బుక్ చేస్తాండా" అన్నాడు. పిండి చేత్తోనే ఫోను తీసి ఆరంకెలూ గట్టిగా చదివింది. ఆయనకు వినబడలేదంటే మళ్లీ చదివింది. "దోసె మాడతాంటే ఫోనేందే నీకు" అని అత్త విసుక్కుంది కూడా. తెర మీద మాత్రం, ఆ నిమిషాన రోజారమణి ఇష్టపూర్వకంగా సమ్మతించినట్టు ఉంది. మోసపోయానన్న బాధకన్నా ముందు, అంత మోసం దోసె వాసనలో జరిగిపోయిందే అని మతి పోయింది.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. పాత ఒప్పందాలు తెరిచింది. దొరవారిసత్రం వనజాక్షి సంతకం, పొద్దున ఏడుంబావు. ఇంకొకామెది ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువ. మరొకామెది ఏడున్నర. మగవాళ్ల సంతకాలు పగలంతా ఎప్పుడంటే అప్పుడు పడ్డాయి. ఆడవాళ్లవి మటుకు వంట వేళే. ఇన్నేళ్లూ ఆ టైములు సరిచూసింది తనే, అన్నీ బాగున్నాయని పంపిందీ తనే. ఆ ఆడవాళ్లలో ఎంతమందికి ఆ సంతకాల సంగతి తెలుసు? వాళ్లలో ఒక్కరికైనా ఫోను చేసి "అక్కా, ఇది నువ్వు పెట్టిన సంతకమేనా" అని అడగాలని తనకెందుకు తోచలేదు?

తన ఒప్పందాన్ని వెనక్కి కొట్టింది. లింకు పోయిన నంబరుకే ఆ కబురూ పోతుంది కాబట్టి, పది నిమిషాల్లో మధుబాబు ఫోను చేశాడు.

"రమణీ, మన చిట్టమూరు మడిది ఒక అగ్రిమెంటు పెట్టినాలే, నీకు తర్వాత చెబ్దామనుకున్నా. మీ ఆఫీసులో ఎవుడో చెకింగోడు వెనక్కి కొట్టినాడు. నువ్వు టీ ఇచ్చేటప్పుడు మెల్లిగా ఒక మాట చెప్పు వాడికి."

రోజారమణి ఆరేళ్లుగా రోజూ ఇదే ఆఫీసుకు బస్సెక్కి వస్తోంది. ఇక్కడ తనేం పని చేస్తుందో ఆయన ఒక్కనాడూ అడగలేదని అప్పుడే తెలిసింది.

"ఏమే, వినపడతాందా? వాడెవుడో కనుక్కో."

"కనుక్కునేదేముంది, నేనే" అంది. "సంతకం పెట్టినామెను అడిగినా. ఆమె ఒప్పుకోలేదు."