కల్లం పాటకు దొరికిన గొంతు

అఖిల మొదటి క్యాసెట్టులో అన్నీ తను రాసుకున్న పాటలే. ఒక గిటారు, ఒక గొంతు, అంతే. అద్దంకిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో గుంటూరు వెళ్లి రికార్డు చేయించింది. విన్నవాళ్లంతా మెచ్చుకున్నారు. వాళ్ల నాన్న బుల్లయ్య మాత్రం కల్లం పాట దగ్గర టేపు ఆపేశాడు. ఎండబెట్టిన మిరపకాయల మీదికి మబ్బు కమ్ముకొస్తుంటే ఒక రైతు ఊళ్లోవాళ్లను కేకేసి పిలిచే పాట అది.

“పాట బాగానే ఉందమ్మా. కానీ వానొస్తుంటే ఇంత మెల్లగా పిలిస్తే ఎవరొస్తారే? పట్టలు కప్పేలోగా కాయంతా తడిసిపోదూ?”

అఖిల ముందు ఉడుక్కుంది. నాలుగు రోజులు పోయాక, నాన్న అన్నది నిజమేననిపించింది. రెండో ఆల్బంలో డోలక్, వేణువు, వయొలిన్ పెట్టించాలనుకుంది. అన్నిటికంటే ముందు, తన గొంతు పక్కన ఇంకొన్ని గొంతులు కావాలి. కల్లం పాట కూడా మళ్లీ చేయాలి.

అదే బడిలో పనిచేసే రెబెకా చర్చి క్వయర్‌లో పాడుతుంది. ఒకరు ఒక వరస పాడుతుంటే దానికి అతికేలా వేరే వరస పాడటం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇద్దరి గొంతులూ కలిసిన మొదటి రోజే అఖిల ఒళ్లు పులకరించింది. ఇక కావలసింది కింది వరస పాడే బరువైన మగగొంతు.

“మా క్వయర్‌లో మగాళ్లందరివీ సన్నగొంతులే,” అని పెదవి విరిచింది రెబెకా. “ఆదివారం మా చర్చిలో కోత పండుగ, రా. పాటలకి కాదులే, గారెలకి.”

ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో వేలం మొదలైంది. జనం కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, కొత్త బియ్యం ఒక్కొక్కటే పాటకు పెడుతున్నారు. బల్లెక్కి వేలం వేస్తున్నాయన చేతిలో మైకు లేదు. అవసరమూ లేదు. “ఒకటోసారి... రెండోసారి...” అంటుంటే ఆ గొంతు నేలలోంచి వస్తున్నట్టుంది. ఆయన చంకలోని కోడిపుంజు కిక్కురుమనకుండా వింటోంది.

“ఎవరే ఆయన?” అంది అఖిల.

“మా ఇమ్మానుయేలు బాబాయి. పత్తి మిల్లులో మేస్త్రీ. ఆ మిషన్ల మోతలో అరిచి అరిచి గొంతు అట్లా అయింది.”

వెళ్లి అడిగితే ఆయన పెద్దగా నవ్వాడు. “నాకు పాటంటే వేలంపాటేనమ్మా. ఇంకో పాట తెలీదు.”

“అది చాలండీ,” అంది అఖిల.

చాల్లేదు. రెబెకా వాళ్ల వరండాలో ఆయనకు కింది వరస నేర్పారు. ఒక్కడే పాడితే బాగా వచ్చేది. ముగ్గురూ కలిస్తే మాత్రం రెండో చరణానికల్లా ఆయన అఖిల వరసలోకి వచ్చేసేవాడు. చెవులు మూసుకోమన్నారు. గోడవైపు తిరిగి పాడమన్నారు. గోడవైపు తిరిగి మరీ అఖిల వరసే పాడాడు.

“బాబాయ్, నీది నువ్వు పాడు. తనది తను పాడుకుంటుంది,” అని విసుక్కుంది రెబెకా.

“ఏం చెయ్యనే? ఆ అమ్మాయిది ఎంత బాగుందో! నాదేమో చీకట్లో మెట్లు దిగినట్టుంది. నన్నొదిలెయ్యండమ్మా, మీ పాట పాడుచేస్తన్నా.” తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

అఖిల గిటారు పక్కన పెట్టి తనూ లేచింది. ఆ అసలు వరస తను కట్టుకున్నది. ఆల్బం అట్ట మీద ఉండేది తన పేరు, తన ఫోటో. ఆ వరసను ఇంకొకరి నోట పెట్టడానికి మనసొప్పలేదు. కానీ ఆయన తప్పుగా పాడినదే చెవుల్లో గింగురుమంటోంది. కల్లంలో నిలబడి ఊరంతటినీ పిలుస్తున్న మనిషి గొంతు అది.

“కూర్చోండి బాబాయ్ గారూ. అసలు వరస మీరే పాడండి. మీ పక్కన మేం పాడతాం.”

రెబెకా కళ్లు పెద్దవి చేసింది. “మరి నీ పాటో?”

“నా పాటేగా. ఎక్కడికి పోద్ది?”

ఇమ్మానుయేలు గొంతు సవరించుకున్నాడు.

“మబ్బొచ్చె మబ్బొచ్చె, కల్లానికి రండర్రా!
ఎర్రకాయ తడిసేను, పట్టలు తెండర్రా!”

రెబెకా పైనుంచి, అఖిల పక్కనుంచి అందుకున్నారు. పక్కింటి రసూల్‌బీ గోడ మీంచి తొంగిచూసి, “ఏందమ్మా, వానొస్తందా?” అని, జవాబు కోసం ఆగకుండా ఆరేసిన బట్టల కోసం పరిగెత్తింది. ముగ్గురూ పాట ఆపి పడీ పడీ నవ్వారు.

గుంటూరు స్టూడియోలో రికార్డింగు చూసే అల్లాబక్షు, “కొంచెం వెనక్కండీ, ఇంకొంచెం,” అంటూ ఇమ్మానుయేలును గుమ్మం దాకా పంపించాడు. ఆయన అక్కడి నుంచే పాడాడు. వయొలిన్ వాయించే ఆయన వాయిద్యం దించి, చరణం అయ్యేదాకా వింటూ ఉండిపోయి, మళ్లీ మొదలెట్టమని అడిగాడు.

ఆల్బం వచ్చాక అద్దంకి క్యాసెట్ల కొట్లో ఎక్కువగా మోగింది ఆ పాటే. అట్ట మీద ముగ్గురి పేర్లూ వేయించింది అఖిల. మిల్లులో కూలీలు పత్తి బోరాలు దించుతూ అదే పాడుకుంటున్నారని, మేస్త్రీని ఇక ఎవరూ లెక్కచేయడం లేదని రెబెకా కబురు మోసుకొచ్చింది.

ఓ సాయంత్రం ఇమ్మానుయేలు భార్యను వెంటబెట్టుకుని అఖిల ఇంటికొచ్చాడు.

“మా ఆవిడమ్మా, ఎలీసమ్మ. మళ్లీ క్యాసెట్టు వేస్తే తనకీ చోటు కావాలంట. నాకంటే గట్టిగా అరుస్తది.”

“అరవడమేంది, పాడతా!” అని మొగుణ్ణి కసిరింది ఎలీసమ్మ. కొంగు నడుముకు దోపుకుని, ఎవరూ అడగకముందే ఎత్తుకుంది. ఆ శ్రుతి ఏదో పట్టుకునేందుకు అఖిల గబగబా గిటారు తీసింది.