జారని ముసుగు

నేను ఒక టోపీని. అయిదారు వందల ఏళ్ల కిందట యూరప్‌లో చిత్రకారులూ జమీందార్లూ పెట్టుకున్న రినైసాన్స్ తరహా వెల్వెట్ టోపీని. అలాగని ఇటలీలో పుట్టాననుకోకండి. నరసాపురంలో, జాకెట్లు కుట్టే సువార్తమ్మ మిషను మీద పుట్టాను. అందుకు నాకు సిగ్గేమీ లేదు.

సువార్తమ్మ పదహారేళ్లుగా ప్రార్థన మందిరంలో హార్మోనియం వాయిస్తోంది. అక్కడ ఆడవాళ్లు తలమీద ముసుగు వేసుకోవాలి. ఒక చెయ్యి గాలి తిత్తి మీద, ఒక చెయ్యి స్వరాల మెట్ల మీద ఉంటే జారిపోయే కొంగును ఏ చేత్తో పట్టుకుంటుంది? పిన్ను పెడితే చీర చిరిగింది. జారిన ప్రతిసారీ సంఘపెద్ద దేవదానంగారు పాట ఆపించి, మైకులో "ముసుగమ్మా, ముసుగు" అనేవారు. చివరికి ఒక ఆదివారం, "ఇంకోసారి జారిందంటే నువ్వు వాయించక్కర్లేదమ్మా, ఉత్త గొంతుతోనే పాడుకుంటాం" అనేశారు. సువార్తమ్మ రెండు రోజులు మిషను ముట్టుకోలేదు. ఆ హార్మోనియం తప్ప తనదంటూ చెప్పుకునే సంతోషం ఆమెకు ఇంకొకటి లేదు.

మూడోరోజు ఫోన్‌లో ఎవరో దొరసాని ఇంట్లోనే ఈ పాతకాలపు టోపీలు కుట్టడం చూపిస్తుంటే కళ్లప్పగించి చూసింది. భాష అర్థం కాలేదు, కత్తెర అర్థమైంది. స్కార్ఫు కట్టుకోవచ్చు కదా అంటారేమో. కట్టుకోవచ్చు. ఎలాగూ కప్పుకోక తప్పనప్పుడు తనకు నచ్చింది కప్పుకుంటే ఏం పోయింది?

మెరూన్ రంగు వెల్వెట్ దిండు గలీబు విప్పదీసి, దానిమీద కంచం బోర్లించి సుద్దతో గీసింది. అంచు చుట్టూ కుచ్చులు పెట్టి, షర్టు కాలర్లలో వేసే క్యాన్వాసుతో పట్టీ బిగించింది. తీరా పెట్టుకుంటే టోపీ ఎగిరి కిందపడింది. దొరసానిది కత్తిరించిన జుట్టు, సువార్తమ్మది ఇంత కొప్పు. కొప్పు జోలికి పోలేదు, కొలతే మార్చింది. అలా కిందపడ్డ ఆ మొదటి టోపీ, అంటే మా అన్న, ఇప్పుడు వంటింట్లో మసిగుడ్డగా వేడిగిన్నెలు దించుతున్నాడు. ఇంకో గలీబుతో, కొప్పుకు చోటు పెట్టి మళ్లీ కుట్టిన టోపీని నేను. దొరసాని తన టోపీకి పక్కన ఈక గుచ్చింది. మా ఊళ్లో లేసుకేం కొదవ? ఈకకు బదులు లేసుపువ్వు కుట్టింది.

ఆదివారం నన్ను చూసి దేవదానంగారు, "ఏంటమ్మా ఈ వేషం?" అన్నారు.

"తల కప్పుకున్నానండి. ఇది జారదు."

ఆ రోజు నాలుగు చరణాలూ ఎక్కడా ఆగకుండా సాగాయి. నేను వెంట్రుకవాసి కదల్లేదు. పెద్దమనుషులకు వంక దొరక్కపోతే నిద్ర పట్టదు కాబోలు, మరుసటి ఆదివారం ఆయన మైకులో, "చీర కొంగు తప్ప ఇంకేదీ ముసుగు కాదు" అని ప్రకటించారు.

"అలాగేనండి" అని సువార్తమ్మ నన్ను తీసి సంచిలో పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. కొంగు కప్పుకుని, గడ్డం కింద రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, హార్మోనియం ముందు కూర్చుంది.

"వాయించమ్మా."

"చేతులు ఖాళీ లేవండి."

ఉత్త గొంతులతోనే మొదలుపెట్టారు. మగవాళ్లు ఒక శ్రుతిలో, ఆడవాళ్లు ఇంకో శ్రుతిలో. రెండో చరణానికి ఎవరెక్కడున్నారో ఎవరికీ తెలియలేదు. సంచిలో ఉండి కూడా చెవులు మూసుకోవాలనిపించింది. దేవదానంగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "సరే, ఆ టోపీయే పెట్టుకో" అన్నారు.

"వద్దన్నప్పుడు అందరికీ చెప్పారు కదండి. ఇప్పుడూ అందరికీ చెప్పండి."

ఆమె కొంగు వదల్లేదు. ఆయన వెనక్కి వెళ్లి, దగ్గి, మైకులో "సువార్తమ్మ టోపీ పెట్టుకోవచ్చు" అన్నారు.

ఆమె నన్ను తీసి, దులిపి, కొప్పు మీదికి లాక్కుంది. తిత్తి మీద చెయ్యి వేసింది.

"మొదట్నించి పాడదామండి. ఇందాకటిది పాట కాదు."