కొయ్యకు పట్టిన పొర

మా నాన్న చీజు చేసిన తొట్టిలోనే నేనూ చేశాను. కొయ్య పలకలు, చుట్టూ ఇనప కట్లు. ఈ రగూజా మెట్ట మీద ఆవులున్న ప్రతి ఇంట్లో అలాంటిది ఒకటి ఉంటుంది. పని అయ్యాక వేడి విరుగుడు తేట పోసి కడుగుతాం. సబ్బు తగలనివ్వం. లోపల చెయ్యి పెడితే కొయ్య కొంచెం జారుతుంది. పాలు విరగడానికి మేకపిల్ల పొట్టలోంచి తీసిన ముద్ద వేస్తాం. ఇంకేమీ వెయ్యం. పులుపూ రుచీ ఆ కొయ్యే చూసుకుంటుంది.

ఆ చలికాలంలో పలేర్మో నుంచి ఆరోగ్యశాఖ ఆఫీసరు వచ్చాడు. పేరు బొనాన్నో. తొట్టి లోపల వేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదంతా మురికి పెద్దాయనా."

"మురికి కాదు."

"మరేంటి?"

అదేమిటో నాకు తెలియదు.

వేసవి వచ్చేలోగా అందరూ ఉక్కు తొట్టి పెట్టుకోవాలనీ, లేకపోతే చీజు అమ్మే అనుమతి పోతుందనీ చెప్పి వెళ్ళాడు. నాకున్నది ఒక్క కూతురు, ఇన్యాత్సియా. పాలు పితికేదీ, ఆఫీసులతో మాట్లాడేదీ ఆమే.

"నాన్నా, వాళ్ళతో మనకెందుకు? ఉక్కుదే తెచ్చేసుకుందాం."

"తెచ్చుకో. అందులో నువ్వు స్నానం చెయ్యి."

ఆ తర్వాత ఈ ఉత్తర్వు సంగతి విని కటానియా కాలేజీ నుంచి వెనేరా అనే డాక్టరమ్మ వచ్చింది. రోగాలు చూసే డాక్టరు కాదు, క్రిముల చదువు చదివింది. తొట్టి లోపల గీరి, ఆ గీరింది సీసాలో వేసుకుని పోయింది. కొన్నాళ్ళకి ఫోటోలు పట్టుకుని మళ్ళీ వచ్చింది. బల్ల మీద రొట్టె పక్కన పరిచింది. బూడిదరంగు గుట్టలు, గుండ్రాలు, వాటి మధ్య దారాలు.

"ఇవన్నీ మీ కొయ్యని పట్టుకుని ఉన్నాయి బాబాయ్," అంది. "పాలని పులియబెట్టే మంచి క్రిములు. ముందు ఒకటి వచ్చి వాలుతుంది. ఒంట్లోంచి జిగురు తీసి అంటుకుంటుంది. దాని పక్కన ఇంకోటి. అలా పొర కట్టేశాయి. చెడ్డ క్రిమి వచ్చినా కూచోడానికి చోటుండదు."

"పండగనాడు చర్చి బల్లల్లాగా," అంది ఇన్యాత్సియా.

"అంతే. కానీ ఇవి ఊరికే కూచోవు. చిన్న చిన్న ప్రోటీన్ తునకలు తయారుచేసి వదుల్తాయి. అవి చెడ్డదాని ఒంటి పొరకి అతుక్కుని కన్నాలు పెడతాయి. లోపల ఉన్నదంతా కారిపోయి అది చస్తుంది."

"తిత్తికి చిల్లు పడ్డట్టు," అన్నాను.

"తిత్తి లాంటిదే."

"ఉక్కుకి అంటుకోవా?"

"ఎందుకంటుకోవు? గీతల్లో దూరి కూచుంటాయి. ఎక్కడైనా ముందొచ్చినవాళ్ళదే చోటు."

నేను ఇంకో రొట్టె ముక్క కోసి ఆమె ముందు పెట్టాను. ఇన్నేళ్ళకి నా తొట్టిలో ఏముందో చెప్పిన మనిషి ఆమె.

కానీ ఆఫీసు ఫోటోలని నమ్మదట. పని చేస్తున్న తొట్టిలో పాలు పోసి, అందులో లిస్టీరియా అనే చెడ్డ క్రిమిని కలిపి, అది కొయ్యకి అంటుకుంటుందో లేదో తేల్చాలి. అంటుకోకపోతే కొయ్య తొట్లన్నీ ఉంటాయి. అంటుకుంటే మెట్ట మీద ఒక్కటీ మిగలదు.

"తొట్టి ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోవట్లేదు బాబాయ్."

"ఏం?"

"ఆ క్రిమి పడ్డాక అందులో మళ్ళీ తినేది చెయ్యకూడదు. గెలిచినా సరే, కాల్చెయ్యాల్సిందే."

ఇన్యాత్సియా నా మొహం చూసింది. "నాన్నా, వద్దు."

"నాది తీసుకో," అన్నాను డాక్టరమ్మతో.

సాయంత్రానికి పక్క పొలం సారో కంచె దగ్గరకొచ్చి కేకేశాడు. చిన్నప్పటినుంచీ వాడి నోరు అంతే.

"ఒరేయ్ ఒరాత్సియో! మీ నాన్న తొట్టిని తగలబెడతావంటగా. మతి పోయిందా?"

"నీది ఇస్తావా?"

"నాదెందుకిస్తాను? నాది మంచిది."

"నీదైతే ఓడిపోతుందని భయంరా."

వాడు నవ్వలేదు. "అంటుకుందనుకో, అందరి తొట్లూ పోతాయి. నీ ఒక్కడి మొండితనానికి."

"ఊరుకుంటే ఎలాగూ పోతాయి."

ఆ మాట అన్నానే గాని, పాకలోకి వెళ్ళి తొట్టి అంచు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. ఓడిపోతే సారోకి మొహం చూపించలేను.

పరీక్ష రోజున బొనాన్నో ఒక ఉక్కు తొట్టి కూడా తెప్పించాడు. రెండింటిలోనూ నా ఆవుల పాలే. డాక్టరమ్మ మొహానికి గుడ్డ కట్టుకుని, గాజు గొట్టంలోంచి రెండింటిలోనూ సమంగా పోసింది. పాలు నిలవున్నాక పారబోసి, రెండింటినీ ఒట్టి నీళ్ళతో కడిగారు. దూదిపుల్లలతో లోపలంతా రాసి తీసుకుపోయారు. నా తొట్టికి తాడు చుట్టి సీలు వేశారు.

ఫలితం వచ్చేదాకా పాలు బండివాడికి పోశాం. పాకలో పని లేదు. పీపాలు చేసే ఆయనకి చెప్పి కొత్త తొట్టి చేయించాను.

"గెలుస్తామో లేదో తెలీకుండానే?" అంది కూతురు.

"కొయ్య ఆరాలిగా."

డాక్టరమ్మే ముందుగా వచ్చి చెప్పింది. కొయ్య మీద ఆ క్రిమి దొరకలేదు. ఎన్ని చోట్ల వెతికినా లేదు. ఉక్కు మీద దొరికింది.

"సబ్బుతో కడిగితే ఉక్కు మీదదీ పోయేది," అన్నాడు ఆమె వెనకే వచ్చిన బొనాన్నో. అదీ నిజమే. నేను కాదనలేదు.

"అయితే కొయ్య వాడొచ్చా?" అంది ఇన్యాత్సియా.

"నేను పైకి రాస్తాను. అనుమతి కాగితం వచ్చేదాకా కొత్త తొట్టిలో చీజు చెయ్యకండి," అన్నాడతను.

"ఎప్పుడొస్తుంది?"

"వస్తుందమ్మా."

తొట్టిని తీసుకుపోవడానికి లారీ తెచ్చాడు. నేను పాక గుమ్మంలో నిలబడ్డాను.

"జరగండి పెద్దాయనా. దీన్ని తగలబెట్టాలి. రూలు."

"తగలబెడతాను. మా నాన్నది. నేనే తగలబెడతాను."

డాక్టరమ్మ అతనికేదో నచ్చజెప్పింది. తొట్టి నిండా ఆవిరి పట్టించి, ఇంక పర్వాలేదంది. ఇనప కట్లు నేనే కొట్టి ఊడదీశాను. పలకలు ఒక్కొక్కటే విడిపోయాయి. పొయ్యిలో పెట్టాను. చీజుకి నీళ్ళు కాచే పెద్ద కాగు కింద బాగా మండాయి. పాల వాసన వేసింది. పొగ కళ్ళలో పడిందని ఇన్యాత్సియా బయటికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు.

కొత్త తొట్టి ఒట్టి కొయ్య. అందులో ఇంకా ఎవరూ చేరలేదు. చెడ్డది వచ్చి కూచునేలోగా మంచివి కూచోవాలి. సారో పొద్దున్నే క్యాను మోసుకుంటూ వచ్చాడు. తన తొట్టిలోంచి తీసిన విరుగుడు తేట. ఏం మాట్లాడలేదు, పోసి వెళ్ళిపోయాడు. మర్నాడు వాడితో పాటు ఇంకొందరు తెచ్చారు. రోజూ నింపడం, ఒంపడం. కొయ్య జారడం మొదలయ్యేదాకా అదే పని.

వేసవి గడువు వచ్చేసింది. కాగితం రాలేదు.

ఒకనాడు బొనాన్నో కారు వాకిట్లో ఆగింది. అప్పుడే పాలు పితికి తెచ్చాం. కొత్త తొట్టి మీద గుడ్డ పరిచి వడకట్టబోతున్నాను.

"ఏం చేస్తున్నారు? కాగితం వచ్చేదాకా ఆగమని చెప్పానా లేదా?"

"ఆ మాట ఆవులకి చెప్పు."

"కేసు రాయాల్సి వస్తుంది."

"రాయి. ఒరాత్సియో అని రాయి. కొయ్య తొట్టి అని కూడా రాయి."

అప్పటికి సారో కంచె దాటి వచ్చాడు. వెనక ఇంకా ఇద్దరు ముగ్గురు. "మా పేర్లు కూడా రాసుకోండి సార్," అన్నాడు సారో. "మా తొట్లలోనూ పొద్దున్నే పోసేశాం."

బొనాన్నో జేబులోంచి కలం తీశాడు. దాని మూత తియ్యకుండా మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు.

ఇన్యాత్సియా బిందె ఎత్తింది. నేను గుడ్డ పట్టుకున్నాను. పాలు పోశాం.