సముద్రం గొంతు తగ్గించింది

సముద్రం గొంతు తగ్గించింది.

ఎప్పటినుంచో కృపమ్మకు గుర్తు లేదు. ఉప్పుగాలి అలాగే మొహానికి తగులుతోంది. కరకట్ట మీద తాటిమట్టలు అలాగే ఊగుతున్నాయి. ఊగుతున్నాయి గానీ... ఆ గలగల లేదు. ఎవరో మట్టల మధ్య దూది కూరినట్టు.

సముద్రం ఒక్కటే కాదు.

ఈమధ్య లోకమంతా గుసగుసల్లో పడింది.

చర్చి గంట అబ్రహాము సరిగ్గా లాగడం లేదు. సత్తువ పోయిందో, బద్ధకం వచ్చిందో. పక్కింటి సరోజిని వాకిట్లో నిలబడి పెదాలు కదిపి వెళ్ళిపోతోంది. ఒకప్పుడు ఆ నోరు కోడూరు దాకా వినపడేది. ఇప్పుడేమో కృపమ్మ కనపడగానే అణిగిపోతోంది. ఎందుకు అణుగుతుంది? మనిషి వెనకాల మాట ఉంటేనే కదా, మనిషి ఎదట మాట అణిగేది.

కృపమ్మ గమనిస్తూనే ఉంది.

ఆ చెవి ఆషామాషీ చెవి కాదు. డెబ్బయ్యేడు ఉప్పెనను ఊళ్ళో అందరికన్నా ముందు విన్న చెవి. అప్పుడామెది లంగా ఓణీ వయసు. గాలి ఒకటే ఊళ. ఆ ఊళ కింద ఇంకో మోత... దూరంగా, నేల అడుగున బండి నడిచినట్టు. నాన్నను లేపింది. నాన్న నమ్మాడు. ఇంటిల్లిపాదీ తుమ్మచెట్టు ఎక్కారు. ఆ ముళ్ళు గీరిన మచ్చలు మోచేతుల మీద ఇంకా ఉన్నాయి. నమ్మనివాళ్ళ ఇళ్ళ మచ్చలు కూడా మిగల్లేదు.

అలాంటి చెవి ఉన్న ఇంటికి, దేవుడు వినపడని మనవరాల్ని పంపాడు.

హెప్సిబా.

కూతురు కాన్పులో పోతే, బొడ్డూడని పసిగుడ్డును కృపమ్మే పెంచింది. పిల్లకు వినపడదని డాక్టరు చెప్పిన రోజున ఏడవలేదు. నా చెవులున్నాయిగా, ఇద్దరికీ సరిపోతాయి అనుకుంది.

చెవి మీద అరచెయ్యి మూసి, తల అడ్డంగా ఊపడం. వినపడదు, అని. ఆ సైగ కృపమ్మ కనిపెట్టిందే. బస్సులో, ఆసుపత్రిలో, రేషను కొట్లో... ఎవరు పిల్లను పలకరించినా దూరం నుంచే ఆ సైగ చేసేది. తరవాత పిల్ల చెప్పాల్సింది తనే చెప్పేది.

ముసురు పట్టిన రోజుల్లో మాత్రం వలతాడు.

పడుకోబోయే ముందు ఒక కొస తన మణికట్టుకి, రెండో కొస పిల్ల మణికట్టుకి. తుఫాను కబురుతో మైకు ఆటో వచ్చినా, జనం తలదాచుకునే షెల్టరు మీద సైరను మోగినా తను వింటుంది. తాడు లాగుతుంది. పిల్ల లేస్తుంది. పిల్ల పెద్దదైంది. బందరులో చెవిటి పిల్లల బడికి వెళ్ళి చదువుకుని వచ్చింది. కుట్టుమిషను పెట్టుకుని ఊరందరి జాకెట్లూ కుడుతోంది. తాడు మాత్రం అదే.

మొన్నటి తుఫానుకీ అంతే. తాడు కదిలింది. ఇద్దరూ లేచారు. జనం వెనకాలే తడుస్తూ షెల్టరుకు చేరారు.

తాడు కదిలింది...

ఎవరు లాగారో ఆ గాభరాలో ఎవరడుగుతారు.

ఇప్పుడు హెప్సిబా బందరు వెళ్దామంది. సోమవారం, కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు. ఎందుకే అని గడ్డం పట్టుకుని బతిమాలితే నవ్వి, చేతులతో వాన చూపించింది. ఎత్తుగా ఏదో చూపించింది. ఎర్రగా ఏదో చూపించింది. కృపమ్మకు సగం అందలేదు. ఈ పిల్ల ఫోను చూసి కొత్త సైగలు నేర్చుకుంటోంది. ఇంటి సైగలు పాతబడిపోయాయి.

అందని సగంలో ఏముందో.

బస్సు పులిగడ్డ దాటేదాకా అదే ఆలోచన. బందరులోనే ఉండిపోతానంటుందా. ఈ ముసలిదాన్ని వదిలించుకునే దారి చూసుకుందా. చల్లపల్లిలో కండక్టరు ఏదో అడిగాడు. కృపమ్మ ఆధారు కార్డు చూపించింది. వాడు మళ్ళీ ఏదో అన్నాడు. వెనక సీటువాళ్ళు నవ్వారు.

ఎందుకు నవ్వారు?

బందరు ఆఫీసు వరండా నిండా జనం. లోపల ఆఫీసరు. ఆయన పక్కన ఒక అమ్మాయి, అలేఖ్య అట. వినపడనివాళ్ళ మాట ఆఫీసరుకి, ఆఫీసరు మాట వాళ్ళకి చేతులతో దాటించే ఉద్యోగం.

ఇన్నేళ్ళూ కృపమ్మ చేసిన పనే. దానికీ ఉద్యోగం ఉందన్నమాట.

హెప్సిబా చేతులు లేచాయి. అలేఖ్య చేతులు లేచాయి. గాల్లో నాలుగు పిట్టలు. ఒకదాన్నొకటి తరుముతూ, వాలుతూ, మళ్ళీ లేస్తూ... పిల్ల మొహం అంతగా వెలగడం కృపమ్మ ఎప్పుడూ చూడలేదు. మధ్యలో ఇద్దరూ ఆగారు. ఇద్దరూ తన వంక చూశారు.

ఏదో ఉంది.

ఆఫీసరు అలవాటుగా కృపమ్మ వైపే తిరిగాడు. పెదాలు కదిలాయి. ఏం అడిగాడో వినక్కర్లేదు. ఏ ఆఫీసరైనా అడిగేది ఒకటేగా.

"ఏం లేదు బాబూ. తుఫానొస్తే పిల్లకి తెలీదు, నేను చూసుకుంటాగా. ఏదో చిన్నది, బందరు చూస్తానంటే తీసుకొచ్చా."

అలేఖ్య వచ్చి ఎదురుగా నిలబడింది. మొహంలో మొహం పెట్టి నిదానంగా పలికింది.

"ఆవిడ అలా అనలేదండీ మామ్మగారూ."

అలా అనలేదు.

పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాట కృపమ్మతో ఎవరూ అనలేదు. అనడానికి ఎవరికి తెలుసు?

మరేమంది... షెల్టరు మీద సైరనుతోపాటు ఎర్రదీపం కావాలంది. ఊరంతటికీ కనపడే ఎత్తులో, గిరగిరా తిరిగే దీపం. మైకు ఆటో మీద కూడా ఒకటి.

ఆఫీసరు తల గోక్కున్నాడు. ఏదో అన్నాడు. ఆ మాటను అలేఖ్య హెప్సిబాకు చేతులతో చెప్పింది. ఎందుకో... కృపమ్మ వైపు తిరిగి నోటితోనూ చెప్పింది.

"ఊళ్ళో వినపడనిది ఈ అమ్మాయి ఒక్కతే కదా, ఒక్కరికోసం దీపమంటే కష్టం అంటున్నారండీ. మామ్మగారు పక్కనే ఉంటారుగా అంటున్నారు."

హెప్సిబా చేతులు ఆగిపోయాయి.

అమ్మమ్మ వంక చూసింది. చాలాసేపు చూసింది.

తరవాత వేలు ఎత్తి అమ్మమ్మను చూపించింది. తన చెవి మీద అరచెయ్యి మూసింది. తల అడ్డంగా ఊపింది.

కృపమ్మ కనిపెట్టిన సైగ. కృపమ్మ వైపే తిరిగి.

దాన్ని విప్పి చెప్పడానికి అలేఖ్య అక్కర్లేకపోయింది.

పిల్ల తన మణికట్టు పట్టుకుని లాగి చూపించింది. అలేఖ్య మెల్లగా పలికింది. మొన్నటి తుఫానుకి తాడు లాగింది తనేనట. మైకు ఆటో గుమ్మం ముందు ఆగి అరిచినా అమ్మమ్మ కదల్లేదట. తలుపు సందులోంచి ఆటో లైటు మొహం మీద పడి తను లేచిందట. దీపం ఒక్కరికి కాదట. ఇద్దరికట.

"అబద్ధం," అంది కృపమ్మ.

వరండాలో జనమంతా ఎందుకు తిరిగి చూశారో ఆమెకు అర్థం కాలేదు.

ఆఫీసరు కాగితం పైకి పంపుతానన్నాడట. పైన ఎవరున్నారో. వాళ్ళకేం వినపడుతుందో.

బస్సులో కృపమ్మ పిల్ల వంక చూడలేదు. నేర్పించి ఉంటారు. ఆ అలేఖ్యే నేర్పించి ఉంటుంది. చేతులు ఏమైనా చెబుతాయి. చేతులకు సాక్ష్యం ఎవరు?

ఊళ్ళో దిగేసరికి మబ్బు, సన్న జల్లు. సరోజిని వాకిట్లోనే ఉంది. పెదాలు కదిలాయి. ఈసారి కృపమ్మ దగ్గరికి నడిచింది. ఇంకా దగ్గరికి. ఆ నోటినే చూసింది.

"చెవిటోడి ముందు శంఖమూదితే, అది కొరకడం నీ తాత తరం కాలేదన్నాట్ట. అట్టా ఉందత్తా నీ వ్యవహారం. నీ బట్టలు తడుస్తున్నయ్యని ఎప్పట్నుంచి అరుస్తున్నా..."

మాటకన్నా ముందు కృపమ్మకు మెడ కనపడింది. సరోజిని మెడ మీద నరాలు... తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి.

నరాలు ఉబ్బేలా ఎవరైనా గుసగుసలాడతారా?

ఏమో. ఆడతారేమో. ఈ రోజుల్లో ఎవరిని నమ్మాలి.

ఆరేసిన బట్టలు తియ్యకుండానే కరకట్ట ఎక్కింది. ఒంటరిగా విందామని. తనకూ సముద్రానికీ మధ్య ఎవరూ ఉండకూడదని.

దూరంగా నురుగు తెల్లగా లేస్తోంది, పడుతోంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. తాటిమట్టలు ఒంగి ఒంగి లేస్తున్నాయి.

చల్లగా మణికట్టుకు ఏదో తగిలింది. హెప్సిబా. వలతాడు. ఎప్పుడొచ్చిందో, అడుగుల చప్పుడే లేదు. పిల్ల ముడి వేస్తోంది. రెండో కొస తన చేతికి అప్పుడే కట్టుకుంది.

కృపమ్మ ఆ రెండు కొసల వంకా చూసింది. వినే కొస ఏది?

చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చాపనూ లేదు. వేలు ఎత్తి సముద్రాన్ని చూపించి, పిల్ల మొహంలోకి చూసింది. ఏమంటోందే అది?

హెప్సిబా సముద్రాన్ని చూసింది. మబ్బును చూసింది. మట్టలు ఎటు ఒంగుతున్నాయో చూసింది.

తాడు బిగిసింది.

పిల్ల లాగిందో... తనే లాగిందో...

సముద్రం గొంతు తగ్గించింది. తగ్గించే ఉంటుంది... పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.