నాలుగు చిన్న గాట్లు

నువ్వులు వేయించి, బెల్లం కొట్టి, రోట్లో వేసి దంచి చిమ్మిలి ఉండలు చేయడం ఆ నాలుగు నెలలూ నా పని. డుంబ్రిగుడలో మాది కిరాణా కొట్టు. వెనకే ఇల్లు. వంటింటి గుమ్మంలో మా అత్తగారు అప్పలనర్సమ్మ గారు కూర్చుని, "ఇంకో సెంచాడు నెయ్యెయ్యవే రత్నాలూ, గుంట ఎదిగొచ్చే ఈడు" అనేవారు.

పదకొండేళ్ల మా లావణ్యకి కడుపు నొప్పి. వారానికి రెండు మూడుసార్లు మెలికలు తిరిగిపోయేది. పిల్ల పెద్దమనిషి కాబోతోందని ఇంట్లో అందరూ తేల్చేశారు. నొప్పి వచ్చినప్పుడల్లా అత్తగారి వైద్యం చిమ్మిలీ నెయ్యీనే. తిన్న గంటలో పిల్ల మళ్లీ మంచం పట్టేది. "సూసావా, మందు పన్జేత్తన్నాది" అని ఆవిడ మురిసిపోయేవారు. మా ఆయన భాస్కర్ "ఆడాళ్ల యవ్వారం, నాకెందుకు" అని కాటా వైపు తిరిగేవారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నేనూ నమ్మాను. ఆ ఉండలు నా చేత్తోనే పిల్ల నోట్లో పెట్టాను. ఆడపిల్ల కడుపంటే గర్భసంచి ఒక్కటే అన్నట్టు బతుకుతాం మేము. అందులో ఇంకా ఏవేవో ఉంటాయని, వాటికీ జబ్బు చేస్తుందని ఎవరికీ తట్టదు.

కాకపోతే ఆ ఇంట్లో వాంతులు ఎత్తేది నేను. దుప్పట్లు ఉతికేది నేను. కాబట్టి అందరికంటే ముందు నాకే అనుమానం వచ్చింది. పిల్ల చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకోవడం లేదు. కుడి పక్క, డొక్క కింద పట్టుకుంటోంది. నొప్పి వీపులోకి, కుడి భుజంలోకి ఎక్కుతోందని ఏడుస్తోంది. పెద్దమనిషయ్యే నొప్పి భుజానికెందుకు వస్తుంది? అదీ ఉండ తిన్న తర్వాతే ఎందుకు? పది రోజులు దానికి గంజీ, చారన్నమే పెట్టి, అత్తగారు రోజూ పెట్టమన్న ఉండలన్నీ ఆవిడ చూడకుండా నేనే తినేశాను. నేను రెండు కేజీలు పెరిగాను. దానికి ఒక్కసారి కూడా నొప్పి రాలేదు. పదకొండో రోజు పక్కింటి సీమంతంలో గారెలు తిని వచ్చింది. సాయంత్రానికి నొప్పితో పాటు జ్వరం కూడా వచ్చింది. మర్నాడు పొద్దున్నే, ఎవరి అనుమతీ అడక్కుండా, పిల్లని విశాఖపట్నం బస్సెక్కించాను.

పిల్లల సర్జన్ డాక్టర్ సుమ స్కాన్ తీయించి, తెర మీద చూపించింది. పిత్తాశయం నిండా రాళ్లు. "పిల్లలకీ వస్తాయమ్మా. కొవ్వు తిన్నప్పుడల్లా ఈ సంచి బిగుసుకుంటుంది, అప్పుడు నొప్పి. జ్వరం కూడా వచ్చింది కాబట్టి ఆలస్యం మంచిది కాదు. ల్యాప్రోస్కోపీతో, అంటే చిన్న గాట్లలోంచి గొట్టాలు పెట్టి, తీసేద్దాం" అంది. తర్వాత నా వైపు చూసి, "తిండికీ నొప్పికీ లంకె ఎవరు కనిపెట్టారు?" అని అడిగింది. "నేనే" అన్నాను.

మర్నాడు మా ఆయనా అత్తగారూ దిగారు. బస్సులో వస్తూ మా ఆయన తన స్నేహితుడు సురేంద్రకి ఫోన్ చేశారట, రోబో సంగతి అతనే చెప్పాడట. "ఆపరేసను రోబోతో సేయిద్దాం. దానికి సెయ్యి వణకదంట. వేసంకాలం సెలవుల్లో హైదరాబాద్ తీసుకెల్దాం" అన్నారు. "పొట్ట మీద మచ్చ పడితే రేప్పొద్దున్న సమ్మంధాలోల్లకి ఏటని సెప్తాం?" అన్నారు అత్తగారు. ఆ తర్వాత గొంతు తగ్గించి మా ఆయన అసలు మాట బయటపెట్టారు. "ఈ డాక్టరమ్మది జి.మాడుగులంట, కొండోల్లంట. మన కొట్లో ఉప్పు కొనుక్కునేటోల్ల పిల్ల మన పిల్లకి కత్తెడతాదా?"

నా ఒళ్లు మండిపోయింది.

డాక్టర్ గదిలో ఆయన చాలా మర్యాదగా మొదలెట్టారు. "రోబో అయితే మనిషి సెయ్యి అక్కర్లేదంట కదండీ."

డాక్టర్ సుమ నవ్వింది. "రోబో తనంతట తను ఏమీ చెయ్యదండీ. పక్కన కూర్చుని దాని చేతులు నడిపేది సర్జనే. అది నేర్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. మీరు ఇక్కడ రోబోయే కావాలన్నా ఆ మీటలు పట్టుకునేవి ఈ చేతులే." ఆవిడ తాపీగా చెప్పుకుపోయింది. రోబో మంచిదే. లోపల సన్నగా కుట్లు వేయాల్సిన ఆపరేషన్లకి బాగా పనికొస్తుంది. ఈ ఆపరేషన్‌కి మాత్రం రెండింటి ఫలితమూ ఇంచుమించు ఒకటే. రోబోకి టైము ఎక్కువ పడుతుంది, ఇంత చిన్న పొట్టలో దాని గొట్టాలు కాస్త లావు. "మచ్చ గురించే మీ బెంగైతే, మా దగ్గర రోబో గాట్లే పెద్దవి" అంది.

ఆ గదిలో ప్రశ్నలు అడిగింది నేను. సంచి తీసేస్తే తిండి అరుగుతుందా? అరుగుతుంది, పిత్తరసం కాలేయం నుంచి నేరుగా వస్తుంది. ప్రమాదం ఉందా? పక్కనున్న నాళానికి దెబ్బ తగలొచ్చు, చాలా అరుదు, రెండు పద్ధతుల్లోనూ ఉంది. "మీ పాపే అయితే ఏం చేస్తారు?" అన్నాను. "ల్యాప్. ఈ వారమే" అంది. నేను లావణ్య వైపు తిరిగాను. "నొప్పి పోతాదంటే ఏదైనా పర్లేదమ్మా. ఎండాకాలం దాకా అయితే నా వల్ల కాదు" అంది పిల్ల.

నర్సు ఒప్పుకోలు కాగితం ఇవ్వగానే మా ఆయన చెయ్యి చాపారు. "నాతో మాట్లాడకుండా ఏటి సేత్తన్నావు? తండ్రిని, నేనుండగా నువ్వెందుకు?" పదమూడేళ్ల కాపురంలో పిల్ల ప్రోగ్రెస్ కార్డు మీద కూడా సంతకం పెట్టి ఎరగను. పెళ్లిలో ఎవరో కుదిర్చిన ముహూర్తానికి తల వంచినట్టు అన్నిటికీ తల వంచాను. నాకు నిర్ణయించడం రాదేమో అనుకునేదాన్ని. వచ్చు. నెలల తరబడి ఆ పిల్ల కడుపుని చదివింది నేను. ఆయన చాపిన చేతి పక్కనుంచి కాగితం తీసుకుని, గుండ్రటి అక్షరాలతో రాశాను: రత్నాలు, తల్లి.

ఆపరేషన్ రోజు గంటన్నరలో డాక్టర్ బయటికొచ్చి బాగా జరిగిందని చెప్పింది. మర్నాడు లావణ్య నా చెయ్యి పట్టుకుని వరండా పొడవునా నడిచింది. నాలుగు చిన్న గాట్లు. ఒకటి బొడ్డులోనే కలిసిపోయింది. నాకు ఆ వరండాలో గట్టిగా కేక పెట్టాలనిపించింది. గెలిచాను మరి!

నెల తిరిగాక ఒక సంత రోజు కొట్టు నిండా జనం. నేను వెనక కందిపప్పు పొట్లాలు కడుతున్నాను. కొండ మీద ఊరి నుంచి వచ్చే బుధు ఉల్లిపాయలు తూయించుకుంటూ అడిగాడు. "పాప బాగున్నాదా సావుకారూ? ఆ ఆపరేసను ఎవులు సెప్పినారు?"

"ఎవరో సెప్పేదేటి? అన్నీ కనుక్కుని నేనే ల్యాప్ అన్నాను" అన్నారు మా ఆయన, ఏమాత్రం తడుముకోకుండా.

ఇదివరకైతే లోలోపల నవ్వుకుని ఊరుకునేదాన్ని. చేతులు దులుపుకుని ముందుకొచ్చాను. "ఆయన వేసంకాలం దాకా ఆగుదామన్నారు బుధన్నా. ఇప్పుడే చెయ్యమని సంతకం పెట్టింది నేను."

"నలుగుర్లో ఏటే ఆ మాటలు!" అన్నారు అత్తగారు లోపల్నుంచి. బుధు ఆ మాట విన్నట్టే లేడు. సంచి కింద పెట్టి, మా ఆయన ముందు నుంచి జరిగి నా ముందుకొచ్చాడు. "మా గుంటకీ ఇక్కడే నొప్పమ్మా" అని కుడి డొక్క మీద చెయ్యి వేసుకుని, మొదటి నుంచీ చెప్పడం మొదలెట్టాడు. అంతా విన్నాను.

"రేపు మొదటి బస్సుకి పిల్లనీ వాళ్లమ్మనీ తీసుకురా. నేనూ వస్తాను" అన్నాను.

మా ఆయన కాటా వదిలేసి లేచి నిలబడ్డారు. "మరి రేపు వంటెవరు సేత్తారు?"

"ఎవరికి ఆకలేస్తే వాళ్లు" అన్నాను.